బరువు లెత్తు విద్య - కరణం మల్లీశ్వరి

మన అనంతపురపు సీమలో రాతిగుండు నెఱుగని గ్రామము అరుదు. రచ్చకట్ట ప్రక్కనో, ఆంజనేయస్వామి గుడిముందరనో నున్నగా నరిగిన గుండొకటి పడియుండును. ఉగాదినాడో జాతరనాడో పడుచువాండ్రు నడుము బిగించి దాని నెత్తుటకు వత్తురు. నేలనుండి గుండు తొడలపైకి వచ్చుట యొక ఘట్టము. తొడలనుండి ఱొమ్ముమీదికి వచ్చుట రెండవది. ఱొమ్మునుండి భుజము దాటి వెనుకకు దొరలుట తుది ఘట్టము. నడుమ చేతులు సడలి గుండు నేలబడినచో చుట్టునున్నవారు ఊరకుందురా? తిన్న సంగటి యెక్కడికి పోయెనని నవ్వుదురు. ఈ వినోదమును చూచుచు పెరిగినవారికి నేడు నేను చెప్పబోవు విద్య బొత్తిగా క్రొత్తది కాదు. దానికి ప్రపంచమంతటికి నొక్కటే నియమావళి యేర్పడియున్నదనియు, ఆ నియమముల ననుసరించి బరువు నెత్తి మన తెలుగుదేశపు ఆడుబిడ్డ యొకతె దేశమునకు పేరు తెచ్చినదనియు తెలుపుటయే నా పని.

ఆమె పేరు కరణం మల్లీశ్వరి. 2000 సంవత్సరము సెప్టెంబరు 19 వ తేదీన ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరమున, ఒలింపిక్ క్రీడలలో, 69 కిలోల తరగతియందు ఆమె రెండు విధములుగా నెత్తిన బరువుల మొత్తము 240 కిలోలు. అందులకు కంచుపతకము లభించినది. ఒలింపిక్ క్రీడలలో పతకము గెలిచిన భారతస్త్రీలలో ఆమెయే మొదటిది. నూఱుకోట్ల జనము గల దేశమునకు ఆ యేడు సిడ్నీలో దక్కిన పతకమును అదియొక్కటియే. స్త్రీలకు బరువు లెత్తు పోటీని ఒలింపిక్సులో ప్రవేశపెట్టినదియు ఆ సంవత్సరమే గనుక, తలుపు తెఱచిననాడే లోపల నడుగిడిన వారిలో మనపిల్ల యొకతె యన్నమాట. కంచేనా, బంగారము రాలేదా యని యెవరైన పెదవి విఱిచినచో, ఆ బంగార మెంత దూరమున తప్పినదో కొంచెము తాళి చెప్పెదను. ఆ కథ వినదగినది.

ఇంటిపేరు కరణం. మన గ్రామములలో కరణము లుండిన రోజులలో వారెత్తిన బరువు లెక్కపుస్తకములకు మించి యుండలేదు. కరణీకములు పోయి చాలకాలమైనది. ఆ పేరు మాత్రము ఇనుపకడ్డీతో కలిసి ప్రపంచమంతట తిరిగినది.

శ్రీకాకుళము జిల్లాలో ఆమదాలవలస యను ఊరు కలదు. దాని సమీపమున ఊసవానిపేట యను చిన్నపల్లె యున్నది. 1975 జూన్ 1 వ తేదీన జన్మించిన మల్లీశ్వరి పెరిగినది ఆ పల్లెలో. తండ్రి రైల్వే రక్షకదళమున కానిస్టేబులు. ఇంట ఐదుగురు ఆడుబిడ్డలు. కానిస్టేబులు జీతముమీద ఐదుగురు ఆడుబిడ్డలను పెంచు తండ్రి చింత యెట్టిదో మీకు నేను చెప్పనక్కఱలేదు. ఆశ్చర్యమేమనగా ఆ యక్కచెల్లెండ్రందఱును బరువు లెత్తు విద్య నభ్యసించినవారే.

ఆ ప్రాంతమున దేహబలమునకు పూర్వమునుండి మర్యాద కలదు. కలియుగ భీముడని పేరొందిన కోడి రామమూర్తినాయుడు గారు పుట్టిన వీరఘట్టము ఆ దిక్కుననే యున్నది. ఆయన ఊపిరి పూరించి ఱొమ్మునకు బిగించిన ఇనుపగొలుసులను తెంచుటయు, ఏనుగును ఱొమ్ముమీద నెక్కించుకొనుటయు మా తాతలనాటి వారు కథలుగా చెప్పుకొనుచుండిరి. ఆయన 1942 లో కీర్తిశేషులైరి. ఆ బలము మగవాని సొత్తుగనే అందఱును తలచిరి. ఊసవానిపేటలో నీలంశెట్టి అప్పన్న యను శిక్షకుడు మాత్రము ఆడపిల్లలకును నేర్పుచుండెను. మల్లీశ్వరి పండ్రెండేండ్ల ప్రాయమున ఆయనయొద్ద చేరినది. మొదట ఆమె బక్కపలుచని దేహమును చూచి, ఈ పని నీవల్ల గాదని పంపివేసిరనియు, తల్లి బిడ్డకు ధైర్యము చెప్పి మరల పంపినదనియు ఆమె జీవితమునుగూర్చి వ్రాసినవారు చెప్పుదురు. తల్లి ఆనాడు ఊరకున్నచో ఈ ప్రసంగమే లేదు.

ఇక విద్య యెట్టిదో కొంచెము వివరించెదను. ఇచట ఎత్తవలసినది గుండు గాదు. పొడవైన ఉక్కుకడ్డీ. దాని రెండుకొనలను సమానమైన బరువు గల చక్రములు తొడుగుదురు. స్త్రీల కడ్డీ బరువు 15 కిలోలు, పురుషులది 20 కిలోలు. చక్రములకు రంగులు కలవు: ఎఱ్ఱనిది 25, నీలము 20, పసుపు 15, పచ్చనిది 10 కిలోలు. చక్రములు జాఱకుండ బిగించు పట్టీలు ఒక్కొక్కటి రెండున్నర కిలోలు తూగును. చదువు రానివాడైనను దూరమునుండి రంగు చూచి బరువెంతో చెప్పగలుగు నేర్పాటిది. ఉదాహరణకు స్త్రీల కడ్డీకి ఇరుప్రక్కల నొక ఎఱ్ఱచక్రమును, ఒక నీలిచక్రమును తొడిగి పట్టీలు బిగించినచో సరిగా 110 కిలోలగును. అనగా ఏబదికిలోల బియ్యపుమూటలు రెండు, వానిమీద మఱి పదికిలోలు.

పోటీ రెండు భాగములు. మొదటిదానికి స్నాచ్ అని పేరు. చేతులు ఎడముగా చాచి కడ్డీని పట్టి, నేలనుండి తలపైకి ఒక్క విసురున, నడుమ నెచ్చటను ఆపక, కొనిపోవలెను. చూచువారికి బరువు పైకి పోయినట్లుండును గాని, నిజమునకు సగము మాత్రమే బరువు పైకి పోవుట. మిగిలిన సగము మనిషి దానిక్రిందికి దూఱుట. కడ్డీ నడుము దాటి యింకను పైకి పోవుచున్న క్షణమున ఎత్తువారు గొంతుకూర్చుండి, చేతులు నిట్టనిలువుగా బిగించి, దానిని తలపైన నందుకొనవలెను. పిమ్మట కాళ్లమీద లేచి కదలక నిలువవలెను. మోచేయి రవంత ముడిగి మరల సాగినను ఆ యెత్తు చెల్లదు. ఇది బలముకంటె వేగమును, వేగముకంటె సమయజ్ఞానమును కోరు విద్య.

రెండవదానికి క్లీన్ అండ్ జర్క్ అని పేరు. దీనిని మన వేరుసెనగ మండీలోని హమాలీ యెఱుగును. అతడు మూట నొక్కసారిగా తలకెత్తడు. మొదట తొడమీదికి, అచటనుండి ఱొమ్ముమీదికి తెచ్చి, ఒక్క ఊపిరి తీసికొని, మోకాళ్లు కొంచెము వంచి ఎగదన్ని పైకెత్తును. ఈ పోటీలోను అంతే. కడ్డీ మొదట మెడక్రింద భుజములమీదికి వచ్చి యాగును. అచట మనిషి లేచి నిలిచి, పిమ్మట కాళ్ల యదటుతో దానిని తలపైకి త్రోసి, ఒక కాలు ముందునకు, ఒక కాలు వెనుకకు చాచి నిలుపును. రెండంచెలుగ జరుగుటచే ఇందులో ఎక్కువ బరువు లేచును. తొడ తోడ్పడదు, మూటకున్నంత మెత్తన కడ్డీకి లేదు. హమాలీకిని ఒలింపిక్ వీరునికిని భేద మంతయే. ఆ యేడు మా యూరి మండీలో ఈ మాట చెప్పగా నొక హమాలీ, "అయ్యా, ఆమెకు పతక మిచ్చిరి, నాకు మూటకు రూపాయి యిచ్చిరి, అది గూడ భేదమే" యనెను. నాయొద్ద బదులు లేకపోయినది.

ఒక్కొక్క భాగమున ఒక్కొక్కరికి మూడేసి తడవలు అవకాశము. ముగ్గురు న్యాయనిర్ణేతలు కూర్చుందురు. ఎత్తు సరియైన తెల్లదీపము, కానిచో ఎఱ్ఱదీపము. ముగ్గురిలో నిద్దఱి మాట చెల్లును. రెండు భాగములలో నెత్తిన గరిష్ఠపు బరువులను కూడి, ఎవరి మొత్త మధికమో వారు జయించినట్లు. బలిష్ఠుడును బక్కవాడును ఒక్క పందెమున నిలుచుట న్యాయము గాదు గనుక దేహపు బరువునుబట్టి తరగతు లేర్పఱచిరి. సిడ్నీలో స్త్రీలకు ఏడు తరగతులు. 69 కిలోల తరగతి యనగా ఎత్తువారి దేహము 69 కిలోలు మించరాదు. ఇద్దఱి మొత్తములు సమానమైనచో ఆ కాలపు నియమము ప్రకారము దేహమున తేలికయైన వారిదే గెలుపు. ఈ చివరి నియమమును దయచేసి మనసున నుంచుకొనుడు.

మల్లీశ్వరి 1990 ప్రాంతమున జాతీయ శిక్షణ శిబిరమునకు చేరినది. అచటనుండి ఆమె యెక్కిన మెట్లు వేగముగ నెక్కినవి. 1993 లో మెల్‌బోర్న్ నగరమున ప్రపంచపోటీలలో 54 కిలోల తరగతియందు కంచు. 1994 లో తుర్కీదేశపు ఇస్తాంబుల్ నగరమున బంగారము. ప్రపంచ విజేతయైన మొదటి భారతస్త్రీ యీ విద్యయందు ఆమెయే. 1995 లో చీనాదేశపు గ్వాంగ్‌జౌలో మరల బంగారము. 1996 లో వార్సాలో కంచు. ఇంతలో 1994 లో హిరోషిమా ఆసియా క్రీడలలో వెండి. 1998 లో బాంకాక్‌లో మరల వెండి. 1994 లో అర్జున పురస్కారము, తరువాత ఖేల్‌రత్న, 1999 లో పద్మశ్రీ. ఇరువదియేండ్లు నిండకముందే ప్రపంచము జయించిన పల్లెపడుచు మఱియొకతె యెవరని యడిగిన నాకు వెంటనే తోచదు.

ఇచట నొక సంగతి చెప్పవలసియున్నది. ఈ ప్రసంగము వినుచున్న పెద్దలలో కొందఱి మనసున నొక సందేహ ముండును. ఆడుది బరువు లెత్తిన నవయవములు మొద్దుబాఱును, కాన్పు కష్టమగును, సంబంధములు రావు. నేను పనిచేసిన యొక పల్లె పాఠశాలలో ఇనుపగుండు విసరుట యందు మిక్కిలి నేర్పు గల బాలిక యుండెను. కఱవు సంవత్సరము. బోరుబావి ఊరికి మైలు దూరమున నుండెను. ఆ పిల్ల తలపై నొక బిందె, చంకన నొక బిందె పెట్టుకొని దినమునకు నాలుగు తడవలు నడచుచుండెను. ఆమెను జిల్లాపోటీలకు పంపుదమని నేను వారి యింటికి పోతిని. తాత మంచముమీద కూర్చుండి, బరువు లెత్తినచో పిల్ల మొద్దుబాఱదా పంతులుగారూ యని యడిగెను. ఆ సమయమున ఆ పిల్ల బిందెలతో లోపలికి వచ్చుచుండెను. నేను తాతకేసి చూచితిని, తాత బిందెలకేసి చూచెను. అంతకంటె వాద మక్కఱ లేకపోయినది. అయినను పిల్లను పంపలేదు. పదవతరగతి పరీక్షకు ముందే పెండ్లియైనది. తాత చెడ్డవాడు కాడు. ఆ సంవత్సరము సెనగకాయ పండలేదు. వచ్చిన సంబంధము కట్నము తక్కువతో వచ్చినది. తరువాతి యేడు వానలు కురియునని యెవరు చెప్పగలరు? సంవత్సరమునకు ఇంచుమించు 550 మిల్లీమీటర్ల వానతో బ్రతుకు మన సీమలో ఇట్టి లెక్కలు ప్రతియింట జరుగుచునేయున్నవి.

కాన్పునుగూర్చిన సందేహమునకు మాత్రము బదులు మల్లీశ్వరి జీవితమే చెప్పుచున్నది. 1997 లో తనవలెనే బరువు లెత్తు విద్య నెఱిగిన రాజేశ్ త్యాగి యను హర్యానావాసిని వివాహమాడి యమునానగరమున కాపురము పెట్టినది. సిడ్నీ విజయము పెండ్లియైన మూడేండ్లకు వచ్చినది. 2001 లో కుమారుడు కలిగెను. ఇక మొద్దుబాఱుట మాట. జానకి బాలికగా నుండి ఆటలో శివధనుస్సున్న పెట్టెను జరిపినదని మన యిండ్లలో చెప్పుకొను కథ యున్నది గదా. ఆ కథ చెప్పి పిల్లలను నిద్రపుచ్చిన తాతయే మరునాడు ఇనుపగుండు ముట్టవద్దనుట నాకు విచిత్రముగ తోచును.

సిడ్నీకి ముందు రెండేండ్లు ఆమెకు సుఖముగా జరుగలేదు. 1998 లో ప్రపంచ సంఘమువారు తరగతులను మార్చిరి. ఆమె 54 కిలోల తరగతి పోయినది. దేహముగూడ పెరిగెను, బాంకాక్‌లో 63 కిలోల తరగతిలో ఎత్తినది, సిడ్నీనాటికి 69 లోనికి వచ్చెను. తరగతి మాఱుట యనగా నేమో రైతుకు సులభముగ తెలియును. ఎడ్లపందెమున పాలపండ్ల కోడెలతో గెలిచినవాడు సేద్యపుటెద్దుల పందెమునకు పోయినట్లు. ప్రక్కన నిలుచువారు వేఱు, లాగవలసిన బండ వేఱు. పైగా భారతదేశమునుండి స్త్రీల పోటీకి ఇద్దఱికే చోటు. మణిపురమునకు చెందిన సనమాచా చాను 53 కిలోల తరగతికిని మల్లీశ్వరి 69 కిలోల తరగతికిని ఎన్నికైరి. అనేక పతకములు గెలిచిన కుంజరాణీదేవిని విడిచి, వయసు మీఱినదని కొందఱనుకొనిన మల్లీశ్వరిని పంపుట యేల యని వాదము నడచెను. ఆమె వయసు అప్పటికి ఇరువదియైదే.

ఇక ఆ దినపు పోటీ. స్నాచ్ భాగమున మల్లీశ్వరి 110 కిలోలు నిలిపినది. చీనాదేశపు లిన్ వెయినింగ్ గూడ 110. హంగరీదేశపు ఎర్జెబెత్ మార్కుష్ 112.5. అనగా మొదటి భాగము ముగియునప్పటికి మన యమ్మాయికిని చీనా యమ్మాయికిని సమము. హంగరీ స్త్రీ రెండున్నర కిలోలు ముందు. రెండవ భాగమున మల్లీశ్వరి 125 ఎత్తినది, 130 ఎత్తినది. మొత్తము 240. హంగరీ స్త్రీ 130 ఎత్తగా ఆమె మొత్తము 242.5. చీనా స్త్రీ 132.5 ఎత్తగా ఆమె మొత్తమును 242.5.

మల్లీశ్వరికి ఇంకొక్క తడవ మిగిలియున్నది. ఆ కాలమున బరువును రెండున్నర కిలోల చొప్పున మాత్రమే పెంచవలెను. కిలో చొప్పున పెంచు నియమము 2005 లో వచ్చినది. తుదిలెక్కలు మనముందున్నవి గనుక నెమ్మదిగా కూడి చూతము. 132.5 ఎత్తినచో మొత్తము 242.5, ముగ్గురును సమము, అప్పుడు దేహపు బరువు తీర్పు చెప్పును. 135 ఎత్తినచో 245. సందేహము లేక బంగారము. కాని ఆమె ముందర కడ్డీకి తొడిగినది 137.5 కిలోలు. అంతకుముందు నిలిపిన దానికంటె ఒక్కసారిగా ఏడున్నర కిలోలు ఎక్కువ. ఆ యెత్తు నిలువలేదు. సమానమైన యిద్దఱిలో తేలికయైన లిన్ వెయినింగ్‌కు బంగారము, మార్కుష్‌కు వెండి, మల్లీశ్వరికి కంచు.

137.5 అను సంఖ్యను కోరినది శిక్షకులని తరువాత ఆమెయే చెప్పినది. లెక్క తప్పినదని పలువు రనిరి. ఈ విషయమున నా యభిప్రాయము కొంచెము వేఱు. పోటీ నడుచుచుండగా ఎదుటిపక్షము తరువాతి బరువెంత కోరునో, నిలుపునో నిలుపదో యెవరికి తెలియును? ఒక్క నిమిషము గడువులో కాగితముమీద సంఖ్య వ్రాసి యియ్యవలెను. తీరికగా పంచలో కూర్చుండి మనము చేసిన కూడిక ఆనాటి గందరగోళములో చేయుట వేఱుపని. అయినను ఏడున్నర కిలోల దూకుడు పెద్దదే. నిచ్చెనమెట్లు మూడు విడిచి నాలుగవదానిమీద కాలుపెట్టినవాడు జాఱుట వింత గాదు.

ఇట్టిది మనకొక్కరికే జరిగినదని తలంపవలదు. ఐరోపాఖండమున హాలండను దేశము కలదు. అచట చలికాలమున కాలువలు గడ్డకట్టి నీరు ఱాయివలె గట్టిపడును. వేసవిలో పగుళ్లువాఱిన చెఱువునేలను చూచు మనకు, నడువదగినంత గట్టిపడిన నీరు ఊహకందుట కష్టమే. అచటి పిల్లలు పాదరక్షల క్రింద సన్నని యుక్కు అలుగు బిగించుకొని ఆ మంచుమీద జాఱుచు పరుగెత్తుదురు. పల్లెపల్లెలో అది యాట. స్వెన్ క్రామర్ అను ఆ దేశపు వీరుడు 2010, 2014, 2018 సంవత్సరముల శీతకాలపు ఒలింపిక్సులలో 5,000 మీటర్ల పరుగున వరుసగా మూడు బంగారు పతకములు గెలిచినవాడు. 2010 లో వాంకూవర్ నగరమున 10,000 మీటర్ల పరుగుకూడ నతనిదేయని అందఱును నిశ్చయించిరి. ఆ పరుగు 400 మీటర్ల వలయమున ఇరువదియైదు చుట్లు. రెండు బాటలు, లోపలిబాట చిన్నది, వెలుపలిబాట పెద్దది, కనుక న్యాయముగ నుండుటకు ప్రతిచుట్టునందును పరుగెత్తువారిద్దఱును బాట మార్చుకొనవలెను. నడుమ నొక చుట్టున ఆయన సరియైన బాటనే పట్టబోవుచుండగా, ప్రక్కన నిలిచిన శిక్షకుడు తొందరలో లోపలిబాట చూపెను. క్రామర్ గురువాక్యమని అటు తిరిగెను. అందఱికంటె ముందుగ గమ్యము చేరి చేతులెత్తినవాని పరుగు చెల్లదని తీర్పు వచ్చెను. బంగారము కొరియాదేశపు లీ సుంగ్‌హూన్‌కు పోయినది.

క్రామర్ ఆ శిక్షకుని విడిచిపెట్టలేదు. వారు కలిసి మరల పనిచేసిరి; నాలుగేండ్లకు మరల బంగారము తెచ్చిరి. ఆయన 2022 లో పోటీలనుండి విరమించెను. హాలండుకును మనకును ఇచట నొక భేదము. అచట ఒక్కడు తప్పినను వెనుక పదిమంది నిలుతురు. మంచుబాటలు ఊరూర నుండును. దేశమంతయు ఆ యాట నెఱుగును. ఊసవానిపేట పిల్ల తప్పినచో వెనుక నెవరు నుండిరి? సిడ్నీలో ఆ కంచు లేకున్న ఆ యేడు భారతదేశపు పేరు పతకముల పట్టికలోనే యుండెడిది కాదు.

తరువాతి కథ క్లుప్తము. 2002 లో కామన్వెల్తు క్రీడలకు ఆమె సిద్ధమగుచుండగా తండ్రి చనిపోయెను. ఆ క్రీడలకు పోలేదు. 2004 లో ఏథెన్సు ఒలింపిక్సునకు 63 కిలోల తరగతిలో పోయినది గాని, నడుమునొప్పి పోటీ ముగింపనియ్యలేదు. అచటితో కడ్డీని విడిచిపెట్టినది. ఎత్తుట మానిన వీరులను లోకము త్వరగా మఱచును. ఆమె భారత ఆహారసంస్థలో నుద్యోగము చేసినది. యమునానగరమున పిల్లలకు ఈ విద్య నేర్పు ప్రయత్నము చేసినది. 2021 లో ఢిల్లీప్రభుత్వము నెలకొల్పిన క్రీడా విశ్వవిద్యాలయమునకు ప్రథమ ఉపాధ్యక్షురాలిగ నియమింపబడెను. ఊసవానిపేటలో పొమ్మనిపించుకొనిన పిల్ల విశ్వవిద్యాలయమున కధిపతి యగుట, నావంటి బడిపంతులుకు పతకముకంటె నెక్కువ ప్రీతి కలిగించినది.

ఉత్తరాంధ్రమున ఆమె త్రోవ పాడుపడలేదు. విజయనగరము చెంత కొండవెలగాడ యను గ్రామము బరువు లెత్తువారి యూరుగ పేరొందినది. ఆ యూరి మత్స సంతోషి 2014 లో గ్లాస్గో కామన్వెల్తు క్రీడలలో 53 కిలోల తరగతియందు పతకము గెలిచెను. మన సీమలో ఈ విద్య యింకను వేరూనలేదు. ఫాదర్ విన్సెంట్ ఫెర్రర్ 1969 లో స్థాపించిన గ్రామీణాభివృద్ధి సంస్థవారు అనంతపురమున క్రీడాగ్రామమును నెలకొల్పిరి. మన పల్లెల ఆడపిల్లలు అచట హాకీకఱ్ఱ పట్టి పరుగెత్తుటను నేను కన్నులార చూచితిని. కడ్డీయు చక్రములును మిక్కిలి వ్యయమైనవి గావు. అవి యొక్కజత యున్న నూరిపిల్లలందఱును వాడుకొనవచ్చును. కావలసినది చెప్పువాడు, కొంచెము పాలు, గ్రుడ్డు, పప్పు, ఇంటివారి సమ్మతి. సరిగా చెప్పువాడు లేక పిల్లల చేతికి బరువీయరాదు. నడుము వంచి యెత్తినచో వెన్నుపూస చెడును. మోకాళ్లు వంచి, వెన్ను నిటారుగ నుంచి యెత్తవలెను. ఈమాట హమాలీలకును, బిందెలు మోయు మన యిండ్ల ఆడువారికిని పనికివచ్చును గనుక చెప్పుచున్నాను.

మల్లీశ్వరి తరువాత బరువు లెత్తు పోటీలో భారతదేశమునకు రెండవ ఒలింపిక్ పతకము రావుటకు ఇరువదియొక్క సంవత్సరములు పట్టినది. 2021 లో టోక్యో నగరమున మణిపుర పల్లెబిడ్డ మీరాబాయి చాను 49 కిలోల తరగతిలో 87, 115, మొత్తము 202 కిలోలెత్తి వెండి తెచ్చెను. ఈలోగా 2018 లో తరగతులు మరల మాఱినవి. మల్లీశ్వరి నిలిచిన 69 కిలోల తరగతి అప్పుడు తొలగింపబడెను.